ఒక ప్రాంతీయ పురావస్తు ప్రదర్శనశాల చరిత్ర: బెజవాడ విక్టోరియా జూబిలీ మ్యూజియం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• కోస్తా ఆంధ్రలో దొరికిన పురావస్తువులు మద్రాసు, లండన్ వంటి దూర నగరాలకు ఎలా చేరాయో వివరించగలుగుతారు.
• బెజవాడ విక్టోరియా జూబిలీ మ్యూజియం ఏ పరిస్థితులలో పుట్టి, ఎప్పుడు పురావస్తు ప్రదర్శనశాలగా మారిందో చెప్పగలుగుతారు.
• ప్రభుత్వం నెలకొల్పిన మ్యూజియానికీ, చరిత్ర పరిశోధకుల సంఘం కూర్చిన మ్యూజియానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• పురావస్తువుకు దొరికిన చోటు ఎందుకు ముఖ్యమో మీ ప్రాంతపు ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

సుమారు నలభై ఏళ్ల కిందట, పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో, నేను ఒక మ్యూజియంలో ఒక విష్ణు విగ్రహాన్ని చూశాను. నల్లరాతి విగ్రహం. ఒక చెయ్యి విరిగింది. కింద చీటీ మీద మూడే ముక్కలు ఉన్నాయి: విష్ణువు, నల్లరాయి, కృష్ణా జిల్లా. అక్కడి ఉద్యోగిని బతిమాలి పాత రిజిస్టరు తీయించాను. అందులో అదనంగా దొరికింది ఒక్కటే, మ్యూజియంలో చేరిన సంవత్సరం 1911. ఊరి పేరు లేదు. నా నోటు పుస్తకంలో "కృష్ణా జిల్లా విగ్రహం" అని రాసుకుని వచ్చి మా గురువుగారికి చూపించాను. ఆయన చదివి, "ఏ కృష్ణా జిల్లా నాయనా?" అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు వెంటనే అర్థం కాలేదు. నేను పుట్టి పెరిగిన అత్తిలి నాకు తెలిసినంతవరకు పశ్చిమ గోదావరి జిల్లా. అయితే 1911లో పశ్చిమ గోదావరి అనే జిల్లాయే లేదు. అప్పటికి అత్తిలి ఉన్న తణుకు తాలూకా కృష్ణా జిల్లాలో భాగం. అంటే ఆ విగ్రహం బందరు వైపుది కావచ్చు, నందిగామ వైపుది కావచ్చు, మా అత్తిలి పక్క ఊరిదీ కావచ్చు. ఆ తరువాత ఎంత వెతికినా అది ఏ ఊరిదో తేలలేదు. ఈనాటికీ నాకు తెలియదు.

విగ్రహం భద్రంగానే ఉంది. దాని ఊరే పోయింది. మ్యూజియం అనగానే మనం వస్తువులను కాపాడే చోటు అనుకుంటాం. అది నిజమే. కాని వస్తువుతో పాటు దాని ఊరునూ కాపాడినప్పుడే మ్యూజియం చరిత్రకు ఉపయోగపడుతుంది. ఈ పాఠంలో బెజవాడ (నేటి విజయవాడ) మ్యూజియం చరిత్రను ఆ దృష్టితో పరిశీలిద్దాం. ముందుగా ఆ మ్యూజియం పుట్టడానికి తొంభై ఏళ్ల ముందు మొదలైన ఒక కథ తెలుసుకోవాలి. అది అమరావతి రాళ్ల కథ.

2. నేపథ్యం: అమరావతి రాళ్ల ప్రయాణం

18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసాన్ని అమరావతికి మార్చుకున్నాడు. కొత్త పట్నానికి రాయి కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది. పనివాళ్లు దాన్ని తవ్వితే చెక్కడపు రాళ్లు బయటపడ్డాయి. అది శాతవాహనుల కాలంలో వైభవంగా వెలిగిన మహాస్తూపమని అప్పటికి ఎవరికీ తెలియదు. కొన్ని రాళ్లు కట్టడాలలో కలిసిపోయాయి. పలనాటి సున్నపురాయి కావడం వల్ల మరికొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి.

ఈ వార్త విని 1798 ప్రాంతంలో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, సర్వేయరు. ఆయనకు దేశభాషలు అంతగా రావు. గ్రామాల కైఫియతులు, శాసనాలు, స్థలపురాణాలు ఆయనకు సేకరించి పెట్టినవారిలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వారిలో కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించాడు. ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. మన ప్రాంతపు చరిత్ర సేకరణకు తొలి మెట్టు వేసినవారిలో ఏలూరువారు ఉన్నారన్న సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

మెకంజీ 1816లో మళ్లీ అమరావతి వెళ్లేసరికి దిబ్బ నడిమి భాగాన్ని చెరువుగా తవ్వేశారు. ఆయన చిత్రకారుల చేత మిగిలిన శిల్పాల బొమ్మలు గీయించాడు. దిబ్బ పటాన్ని కూడా తయారు చేయించాడు. తరువాత పోయిన రాళ్లెన్నో ఈనాడు ఆ బొమ్మల వల్లే మనకు తెలుస్తున్నాయి. అదే సమయంలో కొన్ని రాళ్లు కలకత్తాకు, మరికొన్ని బందరుకు తరలాయి. 1830 ప్రాంతంలో బందరు కలెక్టరు రాబర్ట్‌సన్ తాను కట్టించిన కొత్త బజారుకు అలంకారంగా కొన్ని శిల్పాలను తెప్పించాడు. మచిలీపట్నంలోని రాబర్ట్‌సన్‌పేట ఆయన పేరిట వెలసిందే.

1845లో వాల్టర్ ఇలియట్ దిబ్బలో మరికొంత భాగం తవ్వించి, దొరికిన శిల్పాలను మద్రాసుకు పంపాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1859లో 121 శిల్పాలను ఓడలో లండన్‌కు పంపారు. లండన్ చేరినా వాటి గతి మెరుగుపడలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ అనే వాస్తు చరిత్రకారుడికి అవి ఫైఫ్ హౌస్ అనే భవనంలో, గుర్రపు బళ్లు నిలిపే కొట్టంలో కనిపించాయి. చివరికి బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి. ఈనాటికీ అక్కడే ఉన్నాయి.

ఈ డెబ్భై ఏళ్ల కథలో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. రాళ్లను తీసుకుపోయినవారిలో చాలామంది వాటిని కాపాడుతున్నామనే నమ్మారు. సున్నపు బట్టీ నుంచి తప్పించడం కాపాడడమే. అయితే ఒకే స్తూపపు ప్రాకారంలో పక్కపక్కన నిలిచిన రాళ్లు కలకత్తా, బందరు, మద్రాసు, లండన్‌లకు చెదిరిపోయాయి. ఏ రాయి ఏ దిక్కున, ఏ రాతి పక్కన ఉండేదో చెప్పే ఆధారం చాలావరకు పోయింది. పండితులు ఆ ప్రాకారం రూపాన్ని ఊహించి కూర్చడానికి తరతరాలుగా శ్రమపడుతున్నారు.

3. ఉన్న చోటా? రాజధానా?: 1880ల నాటి వివాదం

1877లో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ సూయెల్ అమరావతిలో జాగ్రత్తగా తవ్వకం జరిపి, దొరికిన రాళ్లను నమోదు చేశాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. బెజవాడ మ్యూజియం కథలో ఆయన మళ్లీ వస్తాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆజ్ఞ మీద స్తూపం ఉన్న స్థలమంతా తవ్వి శుభ్రం చేశారు. దాంతో స్తూపం ఉండవలసిన చోట పెద్ద గొయ్యి మిగిలింది. 1881 చివర పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి రాళ్లు గొయ్యి వెలుపల పడి ఉన్నాయి. ఏది ఎక్కడ దొరికిందో తేల్చడం ఆయనకూ సాధ్యం కాలేదు.

ఈ దశలో ఒక ముఖ్యమైన వాదం తలెత్తింది. అప్పుడు భారతదేశపు ప్రాచీన కట్టడాల క్యూరేటరుగా ఉన్న హెన్రీ హార్డీ కోల్, శిల్పాలను అమరావతిలోనే ఉంచి సంరక్షించాలన్నాడు. బర్జెస్ వాటిని మద్రాసు మ్యూజియానికి పంపాలన్నాడు. ఇద్దరి వాదాలలోనూ బలం ఉంది.

కోల్ వాదం: శిల్పం కట్టడంలో భాగం. కట్టడం నేలలో భాగం. విడదీస్తే అర్థం పోతుంది.

బర్జెస్ వాదం: అక్కడ కాపలా లేదు, కప్పు లేదు. వదిలేస్తే ఇన్నేళ్లుగా జరిగిందే మళ్లీ జరుగుతుంది.

చివరకు బర్జెస్ మాటే నెగ్గింది. రాళ్లు మద్రాసుకు వెళ్లాయి. మద్రాసు మ్యూజియం 1851 నుంచి పనిచేస్తోంది కాబట్టి అక్కడ భవనం ఉంది, సిబ్బంది ఉన్నారు, జాబితాలు తయారు చేసే పద్ధతి ఉంది. అమరావతిలో ఇవేవీ లేవు. వస్తువులు రాజధానికి తరలడానికి అసలు కారణం ఇదే. స్థానికంగా సంస్థ లేని చోట వస్తువు నిలవదు.

మరి ఊరికీ రాజధానికీ నడుమ మూడో దారి లేదా? ఉంది. దొరికిన చోటికి దగ్గరలో, ఆ ప్రాంతపు ప్రజలు ఒక రోజులో వెళ్లి చూసి రాగలిగిన పట్నంలో మ్యూజియం పెట్టడం. దాన్నే ప్రాంతీయ మ్యూజియం అంటాం.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
అ) కోల్, బర్జెస్‌ల అభిప్రాయ భేదాన్ని ఐదు వాక్యాలలో రాయండి.
ఆ) మెకంజీ గీయించిన బొమ్మలకు ఉన్న చారిత్రక విలువ ఏమిటి?

4. బెజవాడ మ్యూజియం (1887–1962)

1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండాయి. ఆ స్వర్ణోత్సవం పేరిట సామ్రాజ్యమంతటా గడియార స్తంభాలు, ఆసుపత్రులు, భవనాలు వెలిశాయి. బెజవాడలో మ్యూజియం భవనానికి 1887 జూన్ 27న శంకుస్థాపన జరిగింది. శంకుస్థాపన చేసినవాడు అప్పుడు కృష్ణా జిల్లా తాత్కాలిక కలెక్టరుగా ఉన్న రాబర్ట్ సూయెల్. పదేళ్ల కిందట అమరావతిలో తవ్వకం జరిపిన సూయెలే ఈయన. అప్పటికే ఆయన మద్రాసు రాజధానిలోని పురావశేషాల జాబితాలను గ్రామాల వారీగా కూర్చి 1882, 1884 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువరించాడు. తరువాత 1900లో విజయనగర సామ్రాజ్య చరిత్ర మీద ప్రసిద్ధ గ్రంథం రాసింది కూడా ఆయనే.

గ్రామాల వారీ జాబితా రాసినవాడు, అమరావతి రాళ్ల గతి కళ్లారా చూసినవాడు బెజవాడ మ్యూజియానికి పునాది వేయడం గమనించదగిన విషయం. ఆనాటి కృష్ణా జిల్లాలో అమరావతి కూడా ఒక భాగమే. గుంటూరు జిల్లా 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయి, 1904లో గాని మళ్లీ ఏర్పడలేదు. కాబట్టి ఈ మ్యూజియం నిజానికి అమరావతి ఉన్న జిల్లాకే చెందిన మ్యూజియం.

భవనం 1889లో ప్రారంభమైంది. భారతీయ, ఐరోపా వాస్తు రీతులు కలిసిన కట్టడం. ఈనాడు బందరు రోడ్డు మీద వెళ్లేవారికి కనిపిస్తుంది. మ్యూజియం అని పేరు పెట్టినా, తొలిరోజుల్లో దాని ప్రయోజనం వేరు. చేతివృత్తుల వస్తువులు, పంటలు, పరిశ్రమల ప్రదర్శనలకూ, సభలకూ అది వేదిక. ప్రాంతంలో తవ్వకాలు జరిగినప్పుడు దొరికిన ముఖ్యమైన వస్తువులు అక్కడికి రాలేదు. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వాడు. అక్కడ దొరికిన ధాతుకరండాల మీది బ్రాహ్మీ లిపి మన లిపుల చరిత్రకే కీలకం. భట్టిప్రోలు బెజవాడకు దగ్గరే. బెజవాడలో మ్యూజియం భవనం తెరిచి మూడేళ్లయింది. అయినా ఆ కరండాలు మద్రాసు మ్యూజియానికే వెళ్లాయి.

దీన్నిబట్టి మనం ఒక నిర్ధారణకు రావచ్చు. భవనం ఒక్కటే మ్యూజియం కాదు. పురావస్తు సర్వే అధికారులు మద్రాసు ప్రభుత్వం కింద పనిచేస్తున్నంత కాలం, బెజవాడలో వస్తువులను స్వీకరించి నమోదు చేసే నిపుణులు లేనంత కాలం, ఆ భవనం పేరుకే మ్యూజియం.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. గాంధీజీ హాజరైన ఆ సందర్భంలోనే పింగళి వెంకయ్య జెండా నమూనాను ఆయనకు అందజేశాడు. ఆ ఘట్టంతో ఈ భవనానికి అనుబంధం ఏర్పడింది. రాణి పేరుతో మొదలైన భవనం ఇప్పుడు బాపు మ్యూజియంగా ప్రసిద్ధి పొందింది.

పురావస్తు ప్రదర్శనశాలగా మారే అవకాశం స్వాతంత్ర్యం తరువాత వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. మద్రాసు ఇక మన రాజధాని కాదు. రాష్ట్రానికి సొంత పురావస్తు శాఖ, 1960లో ప్రాచీన కట్టడాల మీద సొంత చట్టం వచ్చాయి. 1962లో బెజవాడ భవనం పురావస్తు ప్రదర్శనశాల అయింది. శంకుస్థాపన జరిగి అప్పటికి 75 ఏళ్లు. అల్లూరులో దొరికిన 3–4 శతాబ్దాల నాటి నిలువెత్తు సున్నపురాతి బుద్ధ విగ్రహం ఇక్కడి ముఖ్య ఆకర్షణ. రాతి పనిముట్లు, హిందూ, బౌద్ధ శిల్పాలు, నాణేలు, ఆయుధాలు కూడా ఇక్కడ చూడవచ్చు. ఆధునీకరించిన మ్యూజియం 2020 అక్టోబరు 1న మళ్లీ ప్రారంభమైంది.

అమరావతిలో కూడా 1951లో కేంద్ర పురావస్తు శాఖ స్థల మ్యూజియం ఏర్పాటు చేసింది. కోల్ వాదం డెబ్భై ఏళ్ల తరువాత నెగ్గిందని చెప్పవచ్చు. అయితే అప్పటికి స్తూపపు శిల్పాలు పెద్ద సంఖ్యలో మద్రాసు, లండన్‌లలోనే ఉండిపోయాయి.

5. రాజమహేంద్రి మార్గం: సంఘం కూర్చిన మ్యూజియం

బెజవాడలో ముందు భవనం వచ్చింది, తరువాత వస్తువులు వచ్చాయి. రాజమహేంద్రవరంలో ఇందుకు భిన్నంగా జరిగింది. అక్కడ ముందు మనుషులు కలిశారు.

20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో తెలుగువారిలో తమ చరిత్ర తామే రాసుకోవాలన్న పట్టుదల పెరిగింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రోత్సాహంతో విజ్ఞాన చంద్రికా మండలి 1910లో చిలుకూరి వీరభద్రరావు రాసిన ఆంధ్రుల చరిత్రము తొలి భాగాన్ని ప్రచురించింది. వీరభద్రరావుది అత్తిలికి దగ్గరలో ఉన్న రేలంగి. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. ఆ ఏడాదే రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచిక వెలువరించింది. 1926 నుంచి ఆంగ్లంలో త్రైమాసిక పత్రిక నడిపింది. చరిత్ర అధ్యాపకుడు రాళ్లబండి సుబ్బారావు, భావరాజు వేంకటకృష్ణారావు వంటివారు ఇందులో శ్రమించారు.

ఈ మండలి సభ్యులు ఊళ్లు తిరిగి తామ్రశాసనాలు, నాణేలు, విగ్రహాలు సేకరించారు. శాసనం దొరికితే దాన్ని చదివి, ఎక్కడ, ఎవరి దగ్గర దొరికిందో రాసి పత్రికలో ప్రకటించేవారు. కాబట్టి వస్తువుతో పాటు దాని చిరునామా కూడా నిలిచింది. ఆ సేకరణ 1967లో ప్రభుత్వ మ్యూజియంగా మారింది. దానికి రాళ్లబండి సుబ్బారావు పేరే పెట్టారు.

రెండు మ్యూజియాలనూ పోల్చి చూడండి. బెజవాడకు భవనం ఉండీ పరిశోధకులు లేక 75 ఏళ్లు ఆగవలసి వచ్చింది. రాజమహేంద్రవరంలో పరిశోధకులు ఉండి, ప్రభుత్వం స్వీకరించేదాకా 45 ఏళ్లు సంఘం బలంతోనే నెట్టుకొచ్చారు. ఏది మేలు అన్నది ప్రశ్న కాదు. మ్యూజియం నిలవాలంటే భవనం, పరిశోధకులు, ప్రభుత్వ మద్దతు మూడూ కావాలి. మొదటి రెంటిలో ఏది లేకపోయినా మూడోది ఎంతకాలానికి అందుతుందో చెప్పలేం.

6. జిల్లా పేరు ఒక్కటే చాలదు

ఇప్పుడు మా గురువుగారి ప్రశ్నకు తిరిగి వద్దాం: ఏ కృష్ణా జిల్లా? కింది క్రమాన్ని జాగ్రత్తగా చదవండి.

• 1859–1904: కృష్ణా జిల్లాలో గుంటూరు, అమరావతి ఉన్నాయి. ఏలూరు, తణుకు ప్రాంతాలు లేవు. అవి గోదావరి జిల్లావి.
• 1904–1925: గుంటూరు వేరు జిల్లా అయింది. గోదావరికి పడమట ఉన్న ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తదితర తాలూకాలు కృష్ణా జిల్లాలో చేరాయి.
• 1925: ఆ తాలూకాలతో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది.
• 2022 ఏప్రిల్ 4: జిల్లాల పునర్వ్యవస్థీకరణ. ఏలూరు వేరు జిల్లా. భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి. అత్తిలి ఇందులోనే ఉంది. అమరావతి పల్నాడు జిల్లాలోకి, అల్లూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి.

అంటే 1890లో చేరిన వస్తువు మీద "కృష్ణా జిల్లా" అని ఉంటే అది అమరావతిది కావచ్చు, అత్తిలిది కాదు. అదే మాట 1911లో చేరిన వస్తువు మీద ఉంటే అత్తిలిది కావచ్చు, అమరావతిది కాదు. చీటీ మీద మాట మారలేదు, నేల మారింది. అధికారులు తప్పు రాయలేదు. తమ కాలానికి సరిపోయేంతే రాశారు. వందేళ్ల తరువాత చదివేవాడు ఉంటాడని వారు తలచలేదు.

కాబట్టి మ్యూజియం చీటీలు, గెజిటీర్లు, పాత నివేదికలు చదివేటప్పుడు రెండు అలవాట్లు చేసుకోండి. ఒకటి, జిల్లా పేరు కనిపించగానే సంవత్సరం చూడాలి. రెండు, మీరు రాసేటప్పుడు జిల్లాతో ఆగకుండా ఊరు, పొలం లేదా చెరువు పేరు, వీలైతే సర్వే నంబరు కూడా రాయాలి.

మ్యూజియంలో ఈ పనికే ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని అక్సెషన్ రిజిస్టరు అంటారు. వస్తువు లోపలికి రాగానే దానికి ఒక వరుస సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యను వస్తువు మీద కూడా రాస్తారు. పేరు, పదార్థం, కొలతలు, కాలం, దొరికిన చోటు, తెచ్చినవారు, చేరిన తేదీ నమోదు చేస్తారు. చూసేవారికి అద్దాల బీరువాలు మ్యూజియం అయితే, చరిత్రకారుడికి ఆ రిజిస్టరే మ్యూజియం. పదార్థం, కొలతలు వస్తువును చూసి ఎప్పుడైనా రాసుకోవచ్చు. కాలాన్ని శైలినిబట్టి అంచనా వేయవచ్చు. దొరికిన చోటు మాత్రం ఆ రోజు రాయకపోతే మరి ఏనాడూ రాయలేం.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
అ) బెజవాడ మ్యూజియం 1962 దాకా పురావస్తు ప్రదర్శనశాల కాకపోవడానికి కారణాలు ఏమిటి?
ఆ) 1915 నాటి చీటీ మీద "కృష్ణా జిల్లా" అని ఉంటే మీరు ఏయే తాలూకాలలో వెతుకుతారు?

7. మన ప్రాంతం: గుంటుపల్లి నుంచి అత్తిలినాడు దాకా

ఏలూరు, కొల్లేరు ప్రాంతం పురావస్తు సంపదలో పేద కాదు. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లిలో క్రీస్తుకు పూర్వం నాటి బౌద్ధ గుహలు, గుండ్రని చైత్యం, స్తూపాలు ఉన్నాయి. కొండను తొలిచిన గుహలు కాబట్టి వాటిని ఎవరూ ఓడ ఎక్కించలేకపోయారు. ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ప్రాచీన వేంగి నగరం. శాలంకాయనులు, వారి తరువాత తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. 1980లలో ఐ.కె. శర్మ నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది.

శాలంకాయనుల చరిత్రకు ముఖ్య ఆధారాలైన రాగి శాసనాలను చరిత్ర గ్రంథాలు ఏలూరు శాసనం, కొల్లేరు శాసనం, పెదవేగి శాసనం అని పిలుస్తాయి. చూడండి, ఊరి పేరే శాసనానికి పేరైంది. ఆ రేకులు ఏ నగరంలో ఉన్నా, ప్రపంచంలో ఎవరు వాటి గురించి రాసినా మన ఊరి పేరు పలకక తప్పదు.

అత్తిలికి కూడా ఇలాంటి సాక్ష్యం ఉంది. 10వ శతాబ్దంలో, తూర్పు చాళుక్య రాజు రెండవ అమ్మరాజు (945–970) ఇచ్చిన కలుచుంబర్రు శాసనం అత్తిలినాండు విషయాన్ని పేర్కొంటుంది. విషయం అంటే ఆ కాలపు పరిపాలనా విభాగం. సర్వలోకాశ్రయ జినభవనం అనే జైనాలయపు భోజనశాల మరమ్మతుల కోసం ఆ విభాగంలోని కలుచుంబర్రు గ్రామాన్ని అర్హనంది అనే జైన గురువుకు దానం చేశారు. ఆ దానం ఇప్పించినది పట్టవర్ధిక వంశానికి చెందిన చామెకాంబ అనే స్త్రీ. ఆ రాగిరేకులు దొరకకపోయి ఉంటే, వెయ్యేళ్ల కిందట అత్తిలి ఒక విభాగానికే పేరిచ్చిందనీ, ఇక్కడి గ్రామం రాబడి ఒక జైన ధర్మశాలకు అన్నం పెట్టిందనీ, దాని వెనుక ఒక స్త్రీ పూనిక ఉందనీ మనకు తెలిసేది కాదు.

ఇక్కడ రాగిరేకుకూ రాతి విగ్రహానికీ ఉన్న తేడా గమనించండి. రాగిరేకు తన ఊరిని తానే చెబుతుంది. రాజు పేరు, గ్రామం పేరు, పొలిమేరలు దానిమీదే ఉంటాయి. ఎవరు ఎక్కడికి తీసుకుపోయినా తిరిగి చిరునామా పట్టవచ్చు. విగ్రహం మాట్లాడదు. దాని ఊరిని మనమే రాసి పెట్టాలి. నేను చూసిన విష్ణు విగ్రహానికి జరిగిన అన్యాయం అదే.

ఈనాడు ఈ విషయం మరింత అత్యవసరం. డెల్టాలో ఏటా చేపల చెరువులు, రోడ్లు, ఇళ్ల పునాదుల కోసం పొక్లెయిన్లు నేలను తవ్వుతున్నాయి. పూర్వం గునపంతో తవ్వేవాడికి రాయి తగిలితే ఆగేవాడు. యంత్రం ఆగదు. బయటపడిన విగ్రహం గుడి అరుగు మీదికి చేరుతుంది, పాత ఇటుకలు గట్టులో కలుస్తాయి, నాణేలు కరిగిపోతాయి.

చట్టం ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే, దొరికినవారు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. ఏం చెప్పాలో కూడా చట్టమే చెబుతుంది: వస్తువు స్వభావం, విలువ, దొరికిన చోటు, దొరికిన తేదీ. మ్యూజియం రిజిస్టరుకు కావలసిన ముఖ్య వివరాలు ఇవే. చెబితే పూర్తిగా పోతుందన్న భయంతో చాలామంది దాచేస్తారు. కాని యజమాని లేని నిక్షేపంలో దొరికినవారికీ, భూమి యజమానికీ ఆ చట్టం వాటా కల్పించింది. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే విలువ కట్టి చెల్లించాలి. 1972లో వచ్చి 1976 నుంచి అమలైన పురావస్తువుల చట్టం నూరేళ్లు పైబడిన శిల్పాల వంటి పురావస్తువుల ఎగుమతిని నిషేధించి, వాటి నమోదుకు ఏర్పాటు చేసింది. ఈ సంగతులు ఊళ్లో చెప్పగలిగిన చదువుకున్నవారు మీరే.

8. సారాంశం

అమరావతి రాళ్లు స్థానికంగా సంస్థ లేక చెదిరిపోయాయి. 1880లలో వాటిని ఉన్న చోటే ఉంచాలా, రాజధానికి పంపాలా అన్న వివాదంలో రాజధాని నెగ్గింది. 1887లో సూయెల్ పునాది వేసిన బెజవాడ మ్యూజియం మూడో దారి కాగలిగినా, నిపుణులు, సొంత శాఖ లేక 1962 దాకా ఆగవలసి వచ్చింది. రాజమహేంద్రవరంలో 1922 నుంచి చరిత్రాభిమానులు సొంత పూనికతో సేకరించినది 1967లో ప్రభుత్వ మ్యూజియం అయింది. జిల్లా సరిహద్దులు పలుమార్లు మారడం వల్ల ఊరి పేరు లేని నమోదులు చరిత్రకారుడిని దారి తప్పిస్తాయి. దొరికిన చోటు వివరమే పురావస్తువుకు ప్రాణం.

9. క్షేత్ర కృత్యం

మీ ఊరి గుడి, చెరువు గట్టు, చావడి, పాత బావి దగ్గర ఉన్న పాత రాళ్లలో ఒకదాన్ని ఎంచుకోండి. దాన్ని కదపకండి, కడగకండి, నూనె గాని సున్నం గాని పూయకండి. కొలతలు, బొమ్మ, ఉన్న చోటు, దాని గురించి పెద్దలు చెప్పే మాట, చెప్పినవారి వయసు, మీరు రాసిన తేదీ ఒక పేజీలో రాయండి. "ఇదివరకు ఎక్కడ ఉండేది?" అని తప్పక అడగండి. ఆ పేజీని అభ్యాసక కేంద్రంలో మీ కౌన్సెలరుకు చూపించి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. మీరు వేసే తేదీ, రాసే ఊరి పేరు నూరేళ్ల తరువాత వచ్చే విద్యార్థికి కావాలి. "ఏ జిల్లా?" అని అప్పుడు ఎవరైనా అడిగితే అతను జవాబు చెప్పగలగాలి.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1798 నుంచి 1881 దాకా అమరావతి శిల్పాల తరలింపును వివరించి, దాని ఫలితాలను చర్చించండి.
2. బెజవాడ, రాజమహేంద్రవరం మ్యూజియాల ఆవిర్భావాన్ని పోల్చి రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రాబర్ట్ సూయెల్ సేవలు
2. కావలి సోదరులు
3. అక్సెషన్ రిజిస్టరు
4. కలుచుంబర్రు శాసనం – అత్తిలినాండు విషయం